యూదుల వాడా, మంత్రగాడి చిలుకా

ఏడు సముద్రాలకు అవతల, పిల్లలూ, బెల్మోరా అని ఒక రాజ్యం. దాన్ని ఏలేవాడు ఆల్డ్రిక్ మహారాజు. రాజుదీ, ప్రజలదీ క్రీస్తు మతం. ఆదివారం చర్చి గంటలు మోగితే ఊరు ఊరంతా కదిలేది. కోటగోడ పక్కన ఒక వాడలో మాత్రం యూదులు ఉండేవారు. వాళ్ళకు శనివారం సెలవు. కొందరు నూలుకు రంగులద్దేవారు, కొందరు మందులిచ్చేవారు, కొందరు పరదేశపు పుస్తకాలను రాజుగారి భాషలోకి మార్చి రాసేవారు. వాళ్ళ తాతల తాతలు కూడా అక్కడే పుట్టారు. అయినా ఊళ్ళోవాళ్ళు, "మీదే ఊరు?" అని అడుగుతూనే ఉండేవారు.

ఆ వాడలో బెనాయా అనే యువకుడు పుస్తకాలు తర్జుమా చేసుకుంటూ బతికేవాడు. రంగులద్దేవారి అమ్మాయి జమీలాతో అతనికి పెళ్ళి కుదిరింది.

ఆ ఏడు ఎండాకాలం ఊరి బావుల నీళ్ళు చేదెక్కాయి. తాగినవాళ్ళు మంచం పట్టారు. ఆస్థాన మంత్రగాడు గోర్వాన్ కొలువులో లేచి, "ఇది యూదుల పని ప్రభూ, వాళ్ళే విషం కలిపారు" అన్నాడు. తన మంత్రాలకంటే యూదు వైద్యుల మందులకే రాజు విలువిస్తున్నాడని వాడికి ఎప్పటినుంచో కడుపుమంట.

వాడ తరఫున కొలువుకు వచ్చిన బెనాయా తల వంచి, "మహారాజా, మా పిల్లలూ ఆ నీళ్ళే తాగారు. మా వాడలో ముగ్గురు పోయారు" అన్నాడు.

రాజు అతని ముఖం చూడలేకపోయాడు. "జనం నమ్మేశారు, నేనేం చెయ్యను? నెల గడువిస్తున్నాను. రుజువు చూపించు. లేదా అందరూ రాజ్యం విడిచి పొండి."

కొన్ని కుటుంబాలు అప్పుడే మూటలు కట్టుకుని బయల్దేరాయి. బెనాయా ఇంటి కప్పు మీద కాపురముండే కొంగ అంది: "బావులు చేదు చేసింది ఆ మంత్రగాడే. వాడి ప్రాణం ఏడో సముద్రపు దీవిలో, ఒక చిలుకలో ఉంది. వలస పోతూ చూశాను. మీరు పోతే నా గూడూ పోతుంది. పద, తీసుకెళ్తాను."

కొంగ రెండు సముద్రాలు దాటించింది. అది అలసిపోతే తాబేలు రెండు దాటించింది. అదీ అలసిపోతే తిమింగలం మూడు దాటించింది.

దీవిలో ఒక పంజరం, పంజరంలో చిలుక. "నా మెడ నులిమెయ్యి, అక్కడ వాడు చస్తాడు. నువ్వొచ్చింది అందుకేగా" అంది అది.

బెనాయా చెయ్యి పంజరం దాకా వెళ్ళింది. పోయిన ముగ్గురూ గుర్తొచ్చారు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వాడు చస్తే నిజం వాడితోనే పోతుంది. ఆ చావూ మా మీదే వేస్తారు. నువ్వు నాతో రా" అన్నాడు.

గడువు చివరి రోజున చిలుకను చేతిలో పట్టుకుని కొలువులోకి నడిచాడు. మంత్రగాడి మొహం పాలిపోయింది.

"బావుల్లో ఏం కలిపావో నీ నోటితో నువ్వే చెప్పు" అన్నాడు బెనాయా, చిలుక మెడ మీద వేలుంచి.

గోర్వాన్ తాను కలిపిన ఆకు పేరు, కలిపిన రోజు, కలిపిన కారణం, అన్నీ చెప్పేశాడు. జనమంతా విన్నారు. బెనాయా చిలుకను కిటికీలోంచి వదిలేశాడు. ప్రాణం ఎగిరిపోతోందని మంత్రగాడు దాని వెంట పరుగెత్తాడు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "అర్ధరాజ్యం ఇస్తాను, తీసుకో."

"వద్దు ప్రభూ. ప్రతి బావి దగ్గరా నిజం చాటించండి. వెళ్ళినవాళ్ళను పిలిపించండి."

కబురు అందినవాళ్ళు తిరిగొచ్చారు. కబురు అందని మూడిళ్ళ తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

బెనాయాకూ జమీలాకూ పందిట్లో పెళ్ళయింది. రాజు కూడా వచ్చాడు. వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళికొడుకు గాజు గ్లాసును కాలితో పగలగొట్టాడు.

"ఇంత సంతోషంలో ఇదేమిటమ్మా?" అని రాజు అడిగాడు.

"సంతోషంలోనే పోయినవాళ్ళను తలుచుకోవాలి ప్రభూ" అంది జమీలా.

 ఆ తర్వాత రాజు నలభై ఏళ్ళు ఏలాడు. ఎవరు ఎవరి మీద చాడీ చెప్పినా, ముందు ఆ మనిషిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని ముఖం చూస్తూ మాట విన్నాకే తీర్పు చెప్పేవాడు.