మూడు ముడుల బొంత

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పాకుతున్న రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో దాలమ్మ అని ఒక మనిషి. ఇల్లంటే ఒక పాక. ఆస్తంటే ఒక రోకలి, ఒక సూది. రోకలి కూలికి, సూది సరదాకి. పొద్దున్నే నాలుగిళ్లు తిరిగి వడ్లు దంచేది. మధ్యాహ్నం గంజి తాగి, పాక ముందు నీడలో కాళ్లు బారచాపుకుని బొంతలు కుట్టేది.

బొంత అంటే తెలుసు కదా మీకు. కింద ఒక పొర, పైన ఒక పొర, నడుమ ఒక పొర. పైపొరకి మంచి ముక్కలు, రంగు ఉన్నవి. నడిమి పొరకి మాత్రం ఇక ఎందుకూ పనికిరావు అనుకున్నవన్నీ. ఆ ఊళ్లో ఎవరి చీర చిరిగినా, ఎవరి పంచె పీలికలైనా దాలమ్మ పాకకే వచ్చేవి. పసుపు ముక్క పక్కన నీలం ముక్క పెట్టి, కాస్త దూరం జరిగి, తల వంచి చూసుకునేది. రెండూ కుదిరాయా, ఆ పూట ఆమెకి కూర లేకపోయినా కడుపు నిండినట్టే. కుట్టడం అయిపోయాక చలికి వణికేవాళ్లెవరో చూసి ఇచ్చేసేది. ఇంత కష్టపడి కుట్టి ఊరికే ఇచ్చేస్తావేమే అని ఇరుగుపొరుగు దెప్పితే, కుట్టేటప్పటి సంతోషం నేను ఉంచేసుకున్నాను కదా అనేది.

అలాంటి మనిషికి ఒక దిగులుండేది. దాలమ్మ నడక నేర్వకముందే తల్లి పోయింది. మొహం గుర్తు లేదు. గొంతు గుర్తు లేదు. మిగిలిందల్లా తల్లి చీరలోంచి ఒక మూరెడు గుడ్డ. అది ఒకప్పుడు ఏ రంగో చెప్పగలిగినవాళ్లు కూడా పోయారు. ఆ గుడ్డ ఎప్పుడో ఒకచోట చిరిగితే తల్లి తన చేత్తో కుట్టుకుంది. పాపం, ఆ తల్లికి కుట్టడం రాదు. దారం లాగి ఒక ముడి వేసింది. ఊడిపోతుందేమోనని ఇంకో ముడి వేసింది. అదీ నమ్మకం లేక మూడో ముడి వేసింది. వరసగా మూడు ముడులు, ఒక్కోటి ఉలవగింజంత. ఇంత చక్కగా కుట్టే దాలమ్మ తల్లి అంత అధ్వాన్నంగా కుట్టేదా అని నవ్వకండి. ఆ మూడు ముడులే దాలమ్మకి తల్లి మొహం. ఒళ్లు వేడెక్కినప్పుడు, మనసు బాగా లేనప్పుడు ఆ గుడ్డ తీసి చెంప కింద పెట్టుకుని, ముడుల మీద బొటనవేలు ఆనించి పడుకునేది. మిగతా రోజుల్లో అది చూరులో ఒక బుట్టలో ఉండేది.

ఒక ఏడు వానలు దంచికొట్టాయి. చూరు కారింది. బుట్ట తడిసింది. దాలమ్మ పాకలో ఉన్న గుడ్డలన్నీ తీసి ఎండలో ఆరేసింది. సాయంత్రం అన్నిటినీ కలిపి మడతలు పెట్టి మూట కట్టింది. చలికాలం వచ్చింది. ఆ చలికాలంలో మూడు బొంతలు కుట్టింది. పైపొరకి ముక్కలు ఏరేటప్పుడు పెళ్లికూతుర్ని చూసినట్టు చూసే దాలమ్మ, నడిమి పొరకి చూడకుండానే చెయ్యి పెట్టేది. అందిన మడతని అందినట్టు పరిచి కుట్టేసేది. కుట్టింది, ముగ్గురికి ఇచ్చేసింది.

ఎండాకాలంలో దాలమ్మకి జ్వరం వచ్చింది. బుట్టలో చెయ్యి పెట్టింది. గుడ్డ లేదు. మూట విప్పింది. లేదు. పాకంతా తిరగేసింది. లేదు. అప్పుడు తెలిసింది ఏం జరిగిందో. ఊళ్లో పనికిరానివాటన్నిటితోపాటు తల్లిని కూడా నడిమి పొరలో వేసేసింది, తన చేత్తోనే. జ్వరం తగ్గేదాకా ఏడ్చింది. తగ్గాక సూది, దారం, చిన్న కత్తి కొంగున ముడేసుకుని బయల్దేరింది.

మొదటి బొంత గొర్రెల అప్పలసామిది. కొండ మీద మంద దగ్గర ఉంటాడు, ముసలివాడు. దాలమ్మ సంగతి చెబితే, దానికేం భాగ్యం, చూసుకోమని బొంత తెచ్చి బండ మీద పరిచాడు. దాలమ్మ దాని పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుంది. అరచెయ్యి ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా రాసుకుంటూ పోయింది.

"ఎక్కడున్నావు, ఎక్కడున్నావు?" అంది.

అన్ని వరసలూ తడిమింది. చేతికి గొర్రెబొచ్చు తగిలింది, పల్లేరుకాయలు తగిలాయి. ముడులు తగల్లేదు. అంచు ఒకచోట ఊడితే కుట్టేసి, కొండ దిగింది.

రెండో బొంత కుమ్మరి సన్యాసమ్మ ఇంట్లో ఉంది. ఆమె కూతురు పురిటికి వచ్చింది. పసిగుడ్డు ఆ బొంత మీదే పడుకుని, దాన్ని తడపవలసినంతా తడిపింది. సన్యాసమ్మ పిల్లని ఎత్తుకుంది. దాలమ్మ కూర్చుంది. కళ్లు మూసుకుంది. అరచెయ్యి ఆనించింది.

"ఎక్కడున్నావు, ఎక్కడున్నావు?" అంది.

నడిమికి వచ్చేసరికి చేతి కింద గింజలాంటిదేదో తగిలింది. దాలమ్మ చెయ్యి అక్కడే ఆపేసింది. విప్పి చూసుకోమంది సన్యాసమ్మ. దాలమ్మ నాలుగు కుట్లు తెంపి వేలు పెట్టి లాగింది. ఎవరిదో పాత లంగా బొందు, ముడిపడి ఉండచుట్టుకుపోయింది. దాన్ని ఉన్నచోటే పెట్టి కుట్టేసింది. పసిగుడ్డు నుదుటి మీద ముద్దు పెట్టుకుని లేచింది.

ఇక మిగిలింది మూడోది. అందులో ఉండి తీరాలి. అది ఏటి అవతల మేదర గురువులు అనే అతని ఇంట్లో ఉంది. బుట్టలు అల్లుకుంటాడు. కిందటేడు పెళ్లాం పోయింది. పారి అని ఒక్కతే కూతురు, పాలపళ్లు ఇంకా ఊడలేదు. దాలమ్మ ఏరు దాటుతుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. దొరికింది, దొరికింది అనుకుంటూ దాటింది.

వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. రాళ్లు పగిలే ఎండ. ఆ ఎండలో వాకిట్లో బొంత కప్పుకుని, తల కూడా బయట పెట్టకుండా పడుకుని ఉంది పారి. గురువులు వెదురు చీలుస్తూ, ఇది మనిషా, తాబేలా అన్నది తనకీ అర్థం కావడం లేదన్నాడు. ఎక్కడికెళ్లినా బొంత ఈడ్చుకుపోతుందట. ఉతకనివ్వదట. దాలమ్మ వచ్చిన పని చెప్పింది. గురువులు కత్తి పక్కన పెట్టి, నీ తల్లి గుడ్డ నీకు దక్కాల్సిందే, వెతుక్కో అన్నాడు.

పిల్ల లేవదు. సరే, పిల్ల పైనుంచే చూద్దామని దాలమ్మ కూర్చుంది. కళ్లు మూసుకుంది. అరచెయ్యి ఆనించింది.

"ఎక్కడున్నావు, ఎక్కడున్నావు?" అంది.

"ఇక్కడే ఉన్నాను" అంది పారి లోపల్నుంచి.

సరిగ్గా అప్పుడే చేతికి తగిలాయి. ఒకటి, రెండు, మూడు. వరసగా. దాలమ్మ కళ్లు తెరిచింది. ముడుల మీద తన వేలుంది. ముడుల కింద, బొంతకి అటువైపు, ఇంకో చిన్న వేలుంది. అది వెనక్కి జరగలేదు.

గురువులు గొంతు తగ్గించి, అక్కకి చెప్పుకున్నట్టు చెప్పాడు.

"అక్కడేటో గింజల్లాటివి ఉన్నాయంటాది అప్పా. ఆటి మీద బొటనేలు ఎట్టుకుంటేగాని నిద్దరోదు. దానమ్మ ఉన్నప్పుడు దానమ్మ పుస్తెల మీద ఎట్టుకునీది."

గురువులు కళ్లు తుడుచుకుని, నేను పిల్లని పట్టుకుంటాను, నువ్వు విప్పుకో అన్నాడు. నిజం చెప్పాలంటే దాలమ్మ కొంగు ముడి విప్పింది. కత్తి తీసింది. ఒక కుట్టు తెంపింది కూడా. నాది కాదా, నా తల్లిది కాదా అని లోపల గుండె రొదపెడుతూనే ఉంది. ఆ కుట్టు తెగిన చప్పుడికి పారి తల బయటపెట్టింది. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. కత్తిని చూసింది. దాలమ్మని చూసింది.

"ఇప్పేస్తావేటి మామ్మా?"

తల్లి లేని పిల్ల చెయ్యి దేనికోసం వెతుకుతుందో తెలిసిన మనిషి ఆ వాకిట్లో ఆమె ఒక్కతే. కత్తి కింద పెట్టింది. ఎర్ర దారం సూదికి ఎక్కించింది.

"లేదే గుంటా. ఊడిపోకుండా బిగిస్తన్నాను."

ఆ మూడు ముడుల చుట్టూ ఎర్ర దారంతో గుండ్రంగా కుట్టింది. గట్టిగా, దగ్గరదగ్గరగా కుట్టింది. కొస కొరికి, లేచి, మంచినీళ్లు కూడా తాగకుండా బయల్దేరింది. పెద్ద మనసుతో చేసింది కాబట్టి హాయిగా ఇంటికి పోయిందనుకుంటున్నారా? లేదు. ఏటి దాకా పోయి వెనక్కి తిరిగింది. ఏట్లో దిగి వెనక్కి తిరిగింది. అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగింది. మూడుసార్లూ తనని తానే తిట్టుకుని ముందుకి నడిచింది. ఆ రాత్రి చెంప కింద ఖాళీ చెయ్యి పెట్టుకుని పడుకుంది.

అప్పట్నుంచి ప్రతి చలికాలం బొంత మరమ్మతు అని సాకు చెప్పి ఏరు దాటేది. చిరగని బొంతకి మరమ్మతేమిటని గురువులు ఎన్నడూ అడగలేదు. పారి పరిగెత్తుకుపోయి బొంత కప్పుకునేది. దాలమ్మ అరచెయ్యి ఆనించి, "ఎక్కడున్నావు, ఎక్కడున్నావు?" అనేది. "ఇక్కడే ఉన్నాను" అని లోపల్నుంచి పిల్ల నవ్వేది. ఆ కాస్సేపు వేలు ముడుల మీద ఉంచుకునేది దాలమ్మ. ఏడాదికి అదే ఆమెకి తల్లిని చూసి రావడం. మిగతా రోజులన్నీ ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూడటంతోనే గడిచేవి. పారి పెరిగింది. బొంత కప్పుకునే వయసు దాటి సూది పట్టే వయసు వచ్చింది. దాలమ్మ వచ్చినప్పుడల్లా కాస్త కాస్త కుట్టడం నేర్చింది. ఆ ఊళ్లోనే పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అయినా చలికాలం వస్తే ఏటి వైపు చూస్తూ ఉండేది.

ఒక చలికాలం దాలమ్మ రాలేదు. పారి ఇంకొన్నాళ్లు చూసింది. అప్పటికీ రాలేదు. బొంత నెత్తిన పెట్టుకుని తనే ఏరు దాటింది.

పాకలో దాలమ్మ మంచాన పడి ఉంది. ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషి మీద ఒక చినిగిన గోనె ఉంది. పారి గోనె తీసేసి బొంత కప్పింది. దాలమ్మకి తెలిసింది ఏం వచ్చిందో. అరచెయ్యి బొంత మీద ఆనించింది. కానీ ఏళ్ల తరబడి రోకలి పట్టిన చెయ్యి అది. కాయలు కాసి, మొద్దుబారి, దానికి ఇప్పుడేమీ తగలడం లేదు. ఈ కొసకి తడిమింది. ఆ కొసకి తడిమింది. మళ్లీ తడిమింది.

"ఎక్కడున్నావు?" అంది. గొంతు కూడా సరిగ్గా రాలేదు. "ఎక్కడున్నావే?"

పారి ఆమె చెయ్యి పట్టుకుంది. బొటనవేలు తీసుకెళ్లి ఎర్ర కుట్టు నడుమ, మూడు ముడుల మీద ఆనించింది. ఆ ముడుల్ని ఆమె వేలికి అదిమి పట్టుకుంది.

"ఇక్కడే ఉన్నాను మామ్మా" అంది.

దాలమ్మ ఇంకేమీ వెతకలేదు. పొద్దు వాలేలోపు ప్రాణం పోయింది.

బొంతని ఆమెతోనే పంపేద్దామన్నారు ఊరివాళ్లు. పారి ఒప్పుకోలేదు. వాకిట్లో కూర్చుని, చిన్నప్పుడు తన కోసం బిగించిన ఎర్ర కుట్టుని తన చేత్తోనే ఒక్కొక్కటే విప్పింది. లోపల్నుంచి మూరెడు గుడ్డ తీసింది. అక్కడున్నవాళ్లెవరూ దాన్ని అంతకుముందు చూడలేదు. అంత మందీ ఒంగి చూశారు. రంగు లేని గుడ్డ, చేతకాని కుట్టు. దాన్ని మడిచి దాలమ్మ చెంప కింద పెట్టింది. అలాగే సాగనంపారు.

బొంతలో ఖాళీ మిగిలింది. పారి దాలమ్మ చీర కొంగులోంచి మూరెడు చింపింది. దానికి మూడు ముడులు వేసింది. ఆ ఖాళీలో పెట్టి, ఎర్ర దారంతో చుట్టూ కుట్టేసింది.

అదీ సంగతి. ఆ ఏటికి ఇటూ అటూ ఉన్న ఊళ్లలో ఇప్పటికీ పసిపిల్లకి బొంత కుడితే, ఇంట్లో పోయినవాళ్ల గుడ్డ ఒకటి నడిమి పొరలో పెడతారు. దానికి మూడు ముడులు వేస్తారు. పైన ఎర్ర దారంతో గుండ్రంగా కుడతారు. దాన్ని దాలమ్మ కుట్టు అంటారు. చలికాలంలో పిల్లలు ముసుగు తన్ని పడుకుంటే, తల్లులు పైన అరచెయ్యి రాస్తూ, "ఎక్కడున్నావు, ఎక్కడున్నావు?" అని అడుగుతారు. లోపల పిల్లల వేళ్లు ముడుల కోసం వెతుకుతాయి. దొరికేదాకా తల్లి అడుగుతూనే ఉండాలి. దొరికాక ఆ పిల్లలు చెప్పే మాట మీకు తెలుసు. ఏదీ, మీరూ ఒకసారి అనండి.