తల్లుల్ని అడిగిన నేరేడు

అనగనగా అనగానే రాజుగారి కథ అనుకుని సర్దుకు కూర్చున్నారేమో, కాదు. ఇది ఒక అడవిలో పురుళ్లు పోయడం నేర్పే బడి కథ. అవును, పురుళ్లే. మీరంతా ఎవరో ఒక మంత్రసాని చేతుల్లోకో, నర్సమ్మ చేతుల్లోకో వచ్చి పడ్డవాళ్లే కదా! ముసిముసి నవ్వులు ఆపి వినండి.

ఆ బడి వాగు పక్కన, ఇప్పచెట్టు కింద ఉండేది. నడిపేది కోతులు. ఎందుకంటే వాటికి వేళ్లున్నాయి. లేడికి గిట్టలు, కుందేలుకు గోళ్లు, పందికి ముట్టె. పుట్టే బిడ్డను మెత్తగా అందుకోవాలంటే వేళ్లు కావాలి. అందుకని అడవిలో ఏ తల్లికి నొప్పులొచ్చినా అక్కడికే వచ్చేది.

బడికి పెద్ద పగడమ్మ. ఎర్రటి మొహం, నెరిసిన కనుబొమలు ఉన్న కోతి. పని బాగా తెలుసు. గట్టిగా అరవదు, ఎవరినీ కొట్టదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, అన్యాయం చేసేవాళ్లకు ఎప్పుడూ కోరలుంటాయని మీరు అనుకోకూడదు.

బడికి ఒక నియమం ఉంది. ఎవరైనా సరే, తన చేత్తో మూడు కాన్పులు చెయ్యాలి. అప్పుడే మెడలో మోదుగుపూల దండ పడుతుంది. దండ పడితేనే మంత్రసాని అయినట్టు.

అక్కడ చదువుకునేవాళ్లంతా ఎర్రమొహం కోతులే, ఒక్క నేరేడు తప్ప. నేరేడు కొండముచ్చు. మొహం నలుపు, చేతులు నలుపు. వాళ్ల గుట్ట మీద మంత్రసాని లేదు. తన పిన్ని కాన్పులో చనిపోవడం కళ్లారా చూసింది. ఆ రోజే మంత్రసాని కావాలని పట్టుబట్టి, గుట్ట దిగి వచ్చి బడిలో చేరింది.

పాఠాలన్నీ ఇట్టే పట్టేసింది. అయితే ఏం లాభం?

లేడి కాన్పుకొచ్చింది. "నేరేడూ, నువ్వు నీళ్లు తెచ్చిపెట్టు తల్లీ," అంది పగడమ్మ. కాన్పు ఇంకొకరు చేశారు.

కుందేలు వచ్చింది. "నేరేడూ, మెత్తటి ఆకులు ఏరుకు రా తల్లీ," అంది. ఆకులు తెచ్చేసరికి పిల్లలు పుట్టేశాయి.

అడవిపంది వచ్చింది. "నేరేడూ, బయట నిలబడి ఈగలు తోలు తల్లీ," అంది. నేరేడు ఈగలు తోలింది. తనకంటే వెనక చేరిన పిల్లకోతుల మెడలో దండలు పడ్డాయి. నేరేడు మెడ బోసిగానే ఉంది.

ఒకరోజు పాఠం జరుగుతోంది.

"పుట్టిన బిడ్డ చెవులు చూడండి," అంది పగడమ్మ. "గులాబీ రంగులో ఉంటే క్షేమం. పాలిపోతే ప్రమాదం."

"అమ్మగారూ, ఎలుగుబంటి పిల్ల చెవులు నల్లగా ఉంటాయి కదండీ. అప్పుడేం చూడాలి?" అని అడిగింది నేరేడు.

పిల్లకోతులు కిసుక్కున నవ్వాయి. పక్కనే కూర్చునే నేస్తం దానిమ్మ నవ్వలేదు గానీ, తల వంచుకుంది.

"మనదగ్గరికి ఎలుగుబంట్లు ఎన్ని వస్తాయిలే అమ్మా!" అంది పగడమ్మ. "వాటిది మందం ఒళ్లు. నొప్పి కూడా అంతగా తెలియదు."

బడి వదిలాక నేరేడు పగడమ్మ దగ్గరికి వెళ్లి నేరుగా అడిగేసింది.

"అమ్మగారూ, నాకు ఒక్క కాన్పు కూడా ఎందుకు ఇవ్వరు?"

పగడమ్మ నేరేడు తల నిమిరింది. "నాకేం అభ్యంతరం లేదు తల్లీ. నాకు నువ్వూ ఒకటే, దానిమ్మా ఒకటే. కానీ తల్లులు ఒప్పుకోరు. నల్ల చెయ్యి తగిలితే బిడ్డకు కీడని భయపడతారు. వాళ్ల మనసు కష్టపెట్టలేం కదా!"

చూశారా ఎంత తియ్యగా చెప్పిందో! తప్పంతా అక్కడ లేనివాళ్ల మీదికి తోసేసింది. ఆ మాట నమ్మి నేరేడు ఏడ్చింది. చెట్టెక్కి, ఆకుల్లో మొహం దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకున్నాక ఒక ఆలోచన వచ్చింది. తల్లులు ఒప్పుకోరని పగడమ్మ అంది. తల్లులు అన్నారా మరి? పోయి వాళ్లనే అడిగితే?

ముందు కుందేలు దగ్గరికి వెళ్లింది. "అక్కా, నా చేతులు చూసి నీకు భయమేసిందా?"

"నీ చేతులా? నేను కళ్లు మూసుకుని మూలుగుతున్నానే పిల్లా! నన్నెవరు అడిగారు?" అంది కుందేలు.

తర్వాత అడవిపంది దగ్గరికి వెళ్లి అదే మాట అడిగింది. అది బురదలో పొర్లుతూ గుర్రుమంది. "నాకు భయమా? ఎవరే ఆ కూత కూసింది? నలుపంటే భయపడితే నా మొగుడి మొహం నేనెలా చూస్తాను?"

పగడమ్మేనని చెప్పి, ఆఖరికి నేరేడు లేడి దగ్గరికి వెళ్లింది. లేడి గడ్డి మేయడం ఆపి తల దించుకుంది.

"నేను వద్దన్న మాట నిజమే," అంది. "నొప్పులతో ఉంటే పగడమ్మ వచ్చి, 'ఆ నల్లచేతుల పిల్ల ఉంది, భయమైతే చెప్పు, పంపించేస్తాను' అంది. అప్పటిదాకా నాకు ఏ భయమూ లేదమ్మా. అలా అడిగేసరికి, భయపడాలేమో అనుకుని భయపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. తప్పే."

నేరేడు బడికి తిరిగొచ్చి, విన్నదంతా పగడమ్మకు చెప్పింది. పగడమ్మ ఎర్రమొహం ఇంకా ఎర్రబడింది. చుట్టూ చూసి, నేరేడును చెట్టు చాటుకు తీసుకెళ్లింది.

"ఎందుకమ్మా ఈ గొడవ? ఇదిగో, దండ ఇప్పుడే ఇచ్చేస్తాను. మూడు కాన్పులూ చేసినట్టే అనుకుందాం. మీ గుట్ట మీదికి వెళ్లి మీవాళ్లకు పురుళ్లు పోసుకో. ఇక్కడ మాత్రం ఎవరితోనూ ఏమీ అనకు."

మోదుగుపూల దండ నేరేడు చేతిలో పెట్టింది. నిప్పుల్లా మెరుస్తున్నాయి పూలు. ఆ దండ కోసం నేరేడు ఎంత ఎదురుచూసిందో మీకు తెలుసు. నిజం చెప్పాలంటే, వెంటనే వెనక్కి ఇవ్వలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మెడలో వేసుకుని గుట్టెక్కితే అమ్మానాన్నలు ఎంత మురిసిపోతారో అనుకుంది.

సరిగ్గా అప్పుడే బడి ముంగిట్లో పెద్ద మూలుగు వినిపించింది. ఎలుగుబంటి వచ్చింది. తొలి కాన్పు. నాలుగడుగులు వేస్తోంది, కూలబడుతోంది, మళ్లీ లేస్తోంది.

"పగడమ్మా, నా వల్ల కావడం లేదు. ఏదో అడ్డంగా ఉంది. ప్రాణం పోతోంది," అంది.

పగడమ్మ దూరం నుంచే చూసింది. "మీ జాతికి మూలగడం అలవాటేలే! ఒళ్లు బాగానే ఉంది. బయట కూర్చో, మిగతా పనులయ్యాక చూస్తాం."

నేరేడు ఎలుగుబంటి నోటి వంక చూసింది. నాలుక సున్నంలా తెల్లబడి ఉంది. ఇప్పుడు నోరు విప్పితే దండ పోతుంది. విప్పకపోతే ఈ తల్లి పోతుంది. పిన్ని మొహం గుర్తొచ్చింది.

నేరేడు దండను పగడమ్మ చేతిలో పెట్టేసింది.

"అమ్మగారూ, ఆవిడ నాలుక చూడండి. ఎంత రక్తం పోతోందో! నల్ల ఒంటి మీద పాలిపోవడం కనబడదు. కనబడకపోతే లేనట్టు కాదు. ఆవిడకు నొప్పి తెలుస్తోంది. మనకే తెలియడం లేదు."

నేరేడు ఎలుగుబంటి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నేనింకా నేర్చుకుంటున్నదాన్నే. నేను చూడనా?"

"నీ చేతులు వణకడం లేదు కదా?" అంది ఎలుగుబంటి. "అయితే రా తల్లీ."

"ఆగు!" అంది పగడమ్మ. ఎవరూ కదల్లేదు. కానీ దానిమ్మ లేచింది. "నేను పట్టుకుంటాను, నువ్వు చూడు," అని వెళ్లి ఎలుగుబంటి తల ఒళ్లో పెట్టుకుంది.

పిల్ల అడ్డం తిరిగి ఉంది. నేరేడు పొడుగాటి వేళ్లతో పొట్ట మీద తడుముతూ, కొంచెం కొంచెంగా సర్దింది. "ఇప్పుడు బలం పట్టు అమ్మా! ఇంకొక్కసారి! శభాష్!" పిల్ల నేరేడు చేతుల్లోకి జారింది. వెనకనే రక్తం కూడా నిలిచింది. కానీ పిల్లలో కదలిక లేదు. ఏడుపు లేదు.

పగడమ్మ దగ్గరికొచ్చి చెవులు చూసింది. నల్లటి చెవులు. వాటిలో ఏం కనబడుతుంది? "పోయింది," అంది మెల్లగా.

"పోలేదు," అంది నేరేడు. "బొడ్డుతాడు పట్టుకుంటే నాడి తెలుస్తుందని మీరే నేర్పారు. పట్టుకు చూడండి!"

పగడమ్మ వేలు పెట్టింది. టుక్, టుక్, టుక్. కొట్టుకుంటోంది!

నేరేడు పిల్ల నోరు శుభ్రం చేసింది. వీపు రుద్దింది. నోట్లోకి చిన్నగా ఊదింది. మళ్లీ ఊదింది. మూడోసారి ఊదగానే పిల్ల ముక్కు చిట్లించి, కీచుమని ఒక్క ఏడుపు ఏడ్చింది చూడండి, వాగు అవతలి పక్షులన్నీ లేచిపోయాయి! నల్లటి బుజ్జి నోట్లో నాలుక ఎర్రగా కనబడింది.

బడంతా ఎగిరి గంతులేసింది. ఆ గోలకి కుందేలు పరుగెత్తుకొచ్చింది. లేడి వచ్చింది. బురద ఓడుతూ అడవిపంది వచ్చింది.

"పగడమ్మా!" అంది అడవిపంది, అందరూ వినేలా. "నేననని మాట నా నోట్లో ఎందుకు పెట్టావు? వద్దన్నది మేమా, నువ్వా?"

"నేనే," అంది పగడమ్మ. "మీ పేరు చెప్పుకున్నాను." దండ తీసి నేరేడు మెడలో వెయ్యబోయింది.

నేరేడు వెనక్కి జరిగింది. "నాకింకా రెండు కాన్పులున్నాయి అమ్మగారూ. అవి చేసే తీసుకుంటాను. ముందు ఆ తల్లికి చెప్పాల్సింది చెప్పండి."

పగడమ్మ ఎలుగుబంటి ముందు కూర్చుంది. "తప్పు చేశాను అమ్మా. నువ్వు చెబుతున్నా వినలేదు. క్షమించు."

ఎలుగుబంటి పిల్లను నాకుతూ తలెత్తింది. "ఇకనుంచి మాలో ఎవరైనా నొప్పి అంటే నమ్ము. అంతే చాలు."

ఆ సాయంత్రం అడవిపంది నేరేడును, దానిమ్మను వీపు మీద ఎక్కించుకుని వాగు పొడుగునా ఊరేగించింది. వడ్రంగిపిట్టలు మాను మీద డప్పు కొట్టాయి. వానలు పడకముందే నేరేడు మిగతా రెండు కాన్పులూ చేసి, దండ వేయించుకుంది. గుట్ట మీది కొండముచ్చులు వరసగా బడిలో చేరాయి. పాఠాలు మారాయి. ఏ రంగు బిడ్డకు ఏం చూడాలో అన్నీ నేర్పారు. ముందు వరసలో కూర్చుని కొత్తగా నేర్చుకున్నది ఎవరనుకున్నారు? పగడమ్మే!

ఇప్పుడు ఆ బడికి ఏ తల్లి వచ్చినా, ముందు ఆమె దగ్గర కూర్చుని "ఎక్కడ నొప్పి అమ్మా?" అని అడుగుతారు. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వింటారు.

నీతి: ఒకరి నొప్పిని గానీ, ఒకరి నేర్పును గానీ ఒంటి రంగు చూసి కొలవకూడదు, అలా కొలిచేవాళ్లను చూస్తే, మనకు దక్కేది పోయినా సరే, అందరి ముందూ తప్పని చెప్పాలి.