పడుగులమ్మ కొండ

పడుగులమ్మ వెలసిన ఈ కొండ పెద్దదేమీ కాదు. పొద్దున మంచు దిగితే కింద ఊరికి కనిపించను కూడా కనిపించదు. పైన గోపురం లేదు. పందిరి కింద ఒక ఎర్రరాయి, దాని మీద నిలువునా సన్నని తెల్లచారలు ఉంటాయి. అదే అమ్మవారు. ఇక్కడ సేవ చేసే హక్కు పెద్దలకు లేదు, చిన్నపిల్లలకే ఉంది. ఎందుకిలా అని వచ్చిన ప్రతివారూ అడుగుతారు కనుక ఆ కథ చెబుతున్నాము.

పూర్వం ఇక్కడ కొండ కింద నేతగాళ్ళ పేట ఉండేది. అందులో బొజ్జన్న, సుంకులమ్మ అనే దంపతులు మగ్గం నేసుకుని బతికేవారు. ఒక ఏడు బొజ్జన్న జ్వరంతో మంచం పట్టాడు. ఇంట్లో మిగిలింది ఒక్క పడుగుకు సరిపడే నూలు. అది చీరలైతేనే ఆ ఇంట పొయ్యి వెలుగుతుంది. చీరకు నిలువు పోగులే పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు దానిని వీధి పొడవునా చాచి, గంజి పట్టించి ఆరబెట్టాలి. సుంకులమ్మ నూలును గంజిలో తడిపింది గాని, సాయం వస్తామన్న పెద్దలు పక్క ఊరి పెళ్ళిలోనే ఉండిపోయారు. తడిసిన నూలు ఆగదు. ఆమె వీధిలో ఆడుకుంటున్న పిల్లలను పిలిచి, పడుగు కింద వెదురుకర్రలు పెట్టి, ఒక్కొక్క కర్ర కొన ఒక్కొక్కరి చేతికిచ్చింది.

పిల్లలు పిల్లలే కదా. తన ముందు పోగు తెగితే తానే అతికి మెప్పు పొందాలని ప్రతివాడూ కర్ర వదిలేశాడు. వదిలిన చోటల్లా పడుగు వాలి, మరిన్ని పోగులు తెగాయి. నీవల్లే అంటే నీవల్లే అని కొట్లాట మొదలైంది. పైన మబ్బు పట్టింది. వాన పడితే గంజి కరిగి నూలంతా ఉండకడుతుంది.

"అయిపాయ నా బతుకు!" అని సుంకులమ్మ వీధిలోనే కూలబడింది.

అప్పుడు వరుస చివర నుంచి ఒక పాప గొంతు వినిపించిందట. "ఈరన్నా, నీ కర్ర గూడా నేను పట్టుకుంటా. నువ్వు పోయి ఆ పక్క పిల్ల పోగు అతుకు."

ఈరన్న తన పోగు సంగతి మరచి పక్కపిల్ల పోగు అతికాడు. ఆపైన ఆ పక్కపిల్ల కర్ర తాను అందుకోగా, ఆ పిల్ల వెళ్ళి ఇంకొకరి పోగు అతికింది. వరుస పొడవునా అలాగే సాగింది. గాలి నెమ్మదించింది. మబ్బు కొండ మీదే కునుకు తీసినట్టు ఆగిపోయింది. అక్కడున్న చేతులన్నీ ఒక్కరివే అన్నట్టు పిల్లలకు తోచిందని, ఆ హాయి వాళ్ళు ముసలివారయ్యాక కూడా మరువలేదని చెబుతారు. పడుగు ఆరింది. చుట్ట చుట్టి ఇంట్లో పెట్టాకనే తొలి చినుకు రాలింది.

సుంకులమ్మ పిల్లలందరికీ బెల్లం పంచి, ఆ పాప కోసం చూస్తే లేదు. ఎవరి బిడ్డో అడిగింది. ఈరన్న ఆమెను పక్కపిల్ల చుట్టమనుకున్నాడు, పక్కపిల్లేమో ఈరన్న చెల్లెలనుకుంది. వీధి చివర గంజి అంటిన చిన్న అడుగులు కొండెక్కుతూ కనిపించాయి. వాన కురుస్తున్నా అవి చెరగలేదు. వాటి వెంట వెళ్ళిన పిల్లలకు ఈ రాయి దొరికింది. దాని మీద గంజిచారలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ పడుగు నుంచి దిగిన తొలి చీరను బొజ్జన్న తానే లేచి నడిచివచ్చి అమ్మకు కట్టాడు.

నేటికీ శ్రావణమాసంలో పిల్లలు కొండదారిలో పడుగు పట్టి నిలబడతారు. తన ముందు తెగిన పోగును తాను ముట్టరాదు, పక్కవారే అతకాలి. ఈ సేవ చేసిన పిల్లలు ఇంట్లో కీచులాడుకోరని నమ్మకం. కొన్నాళ్ళపాటైనా కీచులాడుకోరని తల్లులు నవ్వుతూ అంటారు.

కొండ దిగివచ్చిన బిడ్డను తల్లి అడుగుతుంది. "నీ పక్కన ఎవరుండిరి?"

ఏటా ఎవరో ఒక బిడ్డ ఇలా చెబుతుంది. "తెలీదుమా, ఎవరో పాప. నా కర్ర గూడా తనే పట్టుకునింది."

ఆ తల్లి బిడ్డ చేతులు రెండూ తీసుకుని కళ్ళకు అద్దుకుంటుంది.