వెనక నడిచే మర్యాద

రాజుకంటే ముందు ఎవరూ నడవకూడదని ఆ రాజ్యంలో కట్టుబాటు. యుద్ధంలో ఓడి, మూడొందలమందిని పోగొట్టుకొచ్చిన రాజు సభ పెట్టించి, దండోరా వేసే పోలయ్యను పిలిచాడు.

"ఈ ఏడుపు మొహాలు చూడలేను. వీళ్ళని నవ్వించు. లేకపోతే నీ తల తీయిస్తా."

పోలయ్య డప్పు కింద పెట్టి జనంవైపు తిరిగాడు.

"యుద్ధానికి వెళ్ళేటప్పుడు రాజుగారు పెద్దమనసుతో మనవాళ్ళని ముందు నడవనిచ్చారు. వచ్చేటప్పుడు మనవాళ్ళు కట్టుబాటు తప్పలేదు. ఆయన్నే ముందు పంపించారు."

జనం గొల్లున నవ్వారు.

"నా కొడుకు ఎర్రన్న మరీ మర్యాదస్తుడు. ఇంకా వెనకే ఉన్నాడు."

నవ్వు ఆగిపోయింది. ఎవరో వెక్కారు. కాసేపటికి సభంతా ఏడుస్తోంది.

"నవ్వించమన్నాను కదరా," అన్నాడు రాజు.

"నవ్వారు కదా ప్రభూ. ఇక ఏడవనివ్వండి."