కోయిల కూత మెట్లెక్కిన రోజు

ఇదంతా అబద్ధమనేవాళ్ళు ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి కథ అయ్యేదాకా దించకూడదు మరి. ఎవరూ లేరా? సరే, వినండి.

ఒకప్పుడు కోయిల కూత ఇలా ఉండేది కాదు. మాడిన మూకుడుని గరిటెతో గోకినట్టుండేది. ఆ సంగతి కోయిలకి తెలియదు. తెలుసుకునే తీరికేదీ? పొద్దున్నే మామిడితోటలో పిట్టలన్నీ సరదాకి పాడుకుంటుంటే, ఇది చిటారుకొమ్మన కూర్చుని తప్పులు పట్టేది.

"గోరింక వదినా, పాడుతున్నావా, ఎవరినైనా తిడుతున్నావా?"

"పిచ్చుకా, నీ పాట మొదలవకముందే అయిపోయిందే."

విని విని పిట్టలు నోళ్ళు మూసుకున్నాయి. ఏడు క్రోసుల తోటలో చీమ తుమ్మినా వినబడేంత నిశ్శబ్దం.

అంతలో చైత్రమాసం పూలబుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. "పాట లేని తోటలో నేను దిగను. పొద్దుగూకేదాకా చూస్తా. ఆపైన నా దారి నాది" అంది.

చైత్రం వెళ్ళిపోతే పూత లేదు, పిందె లేదు. కోయిల నోట్లోకి పండూ లేదు.

"నేనున్నాగా" అంటూ కోయిల గొంతు విప్పింది. చైత్రం గబుక్కున చెవులు మూసుకుంది.

పక్క కొమ్మ మీది తొండ తాత గవరయ్య మెల్లగా అన్నాడు: "తోటలో గొంతులన్నీ దిద్దావు కదమ్మా. నీదొక్కటే మర్చిపోయావు."

అసలే నల్లటి మొహం ఇంకా నల్లబడింది. కోయిల ఎగిరి గుబురాకుల్లో దూరింది, ఇంకెవరి కంటా పడకుండా. ఒకసారి కూసి, తన కూతని తనే విన్నది. "బాలేదు. ఇంకోసారి." ఈసారి ఆవగింజంత పైకి లేపింది. "ఇందాకటికన్నా నయం. ఇంకోసారి."

అలా పదివేల సార్లు. కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఆ పట్టుదల చూస్తూ నిలబడిపోయి సూర్యుడు ఆ రోజు అరగంట ఆలస్యంగా దిగాడు.

మధ్యలో గోరింక ధైర్యం చేసి గొంతు కలిపింది. శ్రుతి తప్పింది. కోయిల నాలుక దురద పెట్టింది. కానీ నోటిదాకా వచ్చిన మాటని గుటుక్కున మింగేసి, తన కూతని ఇంకో మెట్టెక్కించింది. అది చూసి పిచ్చుకా పాడింది, తోటంతా పాడింది.

పొద్దు కొండంచున ఉండగా చైత్రం బుట్ట దించింది. కొమ్మకొమ్మకీ పూత.

అప్పటినుంచే కోయిల ఆకుల చాటున కూస్తుంది, ఒక్కో కూతా ముందుదానికన్నా ఒక మెట్టు పైన. ఊపిరందక ఆగితే మళ్ళీ కిందినుంచి మొదలు. కళ్ళ ఎరుపు ఇంకా తగ్గలేదు.

అనుమానమా? తొండ తాత గవరయ్యనే అడగండి. ఇప్పటికీ కొమ్మ మీదే ఉంటాడు. అవునవునని తలాడిస్తాడు.