ముందు జిలానీ తినాలి

జిలానీ పసిపిల్లల కడుపు మీద పరిశోధన మొదలుపెట్టి రెండేళ్లయింది. దాని మీద రాస్తున్న పుస్తకం మాత్రం ముగింపుకు రావడం లేదు.

అతను పెన్న ఒడ్డున ఒక చిన్న దర్గాలో ఉండే హకీం దాదాపీర్ దగ్గర వైద్యం నేర్చుకుంటున్నాడు. హకీముకు డెబ్బై దాటాయి. పొద్దున నమాజు, తర్వాత రోగులు, మధ్యాహ్నం కునుకు. చదివేవాడు గాని ఏమీ రాసేవాడు కాదు. జిలానీ చదివేది తక్కువ, రాసేది ఎక్కువ.

ఆ రెండేళ్లలో ఏడు ఊళ్లు తిరిగాడు. పాలు తాగే బిడ్డ ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి, బిడ్డకు ఏం పెడుతున్నారు, రోజుకు ఎన్నిసార్లు దొడ్డికి పోతోంది, ఏ రంగులో పోతోంది అని అడిగి రాసుకున్నాడు. ఆడవాళ్లు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత అతను సందు మలుపు తిరగ్గానే, "పచ్చదా పసుపుదా సారు వస్తాండాడే!" అని తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఒక రోజు పొద్దున్నే జిలానీ ఆ పుస్తకం తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"ఉస్తాద్, ఏడు ఊళ్లలో పసిపిల్లల నోట్లో పడేవి అరవై మూడు రకాలు తేలాయి. ఆముదం, తేనె, వస, వాము నీళ్లు, చక్కెర నీళ్లు, ఇంకా చాలా ఉన్నాయి. వీటిలో ఏది కడుపుకు మంచిదో, ఏది చెడ్డదో తేలడం లేదు. అదొక్కటి మీరు చెబితే పుస్తకం పూర్తవుతుంది."

హకీం నాలుగు పేజీలు తిరగేశాడు. "వీటిలో నువ్వు ఎన్ని తిని చూశావు?"

"నేనెందుకు తినాలి ఉస్తాద్? నేను పరిశోధన చేసేవాణ్ణి కదా."

హకీం పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

అప్పుడే దర్గా మెట్లెక్కి కాశింబీ వచ్చింది. ఆమె కొడుకు ఊరూరా తిరిగి పరుపులు కుడతాడు. మొన్నమొన్నే మనవడు పుట్టాడు. ఇంకా మూడు నెలలు నిండలేదు. ఆమె వెనకాల కోడలు మాబున్ని బిడ్డను ఎత్తుకుని నిలబడింది.

"సామీ, నాలుగు దినాలాయ. బిడ్డకు నీళ్లమాదిరి పోతాండాది. కోడలి పాలు వేడి చేసినట్టుండాయి. మానిపిచ్చేద్దామనుకుంటాండా. ఏదన్నా మంచి మందు చెప్పు."

మాబున్ని తల వంచుకుంది. బిడ్డను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది.

హకీం బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాడు. నడినెత్తిన మెత్తటి మాడు తడిమాడు. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాడు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు.

"గొంతు బాగుంది. కన్నీళ్లూ వస్తున్నాయి. భయం లేదు," అన్నాడు. "ఏమేం పెడుతున్నారు?"

"ఏం పెట్టలేదు సామీ," అంది కాశింబీ వెంటనే.

హకీం బిడ్డ నోరు వాసన చూశాడు. ఆమే మళ్లీ మొదలుపెట్టింది. "పొద్దున్నే ఒక చెంచా ఆముదం, అంతే. కడుపు శుద్ధిగా ఉంటాదని. ఆ చేదు పోయేదానికి ఇంత తేనె. పక్కింటి తిరుపాలమ్మ వాము నీళ్లు తెచ్చింది, కాదంటే బాగుండదు గదా, పోసినా. మా యక్క వస అరగదీసి నాకిచ్చింది, మాటలు బాగొస్తాయని."

"మూడు నెలల బిడ్డకు మాటలా?" అన్నాడు జిలానీ రాసుకుంటూనే.

"ఇప్పట్నించి పెడితేనే గదా నాయనా, అప్పటికొచ్చేది! దప్పిక్కని చక్కెర నీళ్లు. మేం టీ తాగతాంటే ఆశగా చూస్తాడని, టీలో నానేసిన రొట్టె ముక్క. అంతే సామీ. ఇంకేం పెట్టలేదు."

జిలానీ కళ్లు మెరిశాయి. "ఉస్తాద్, వీటిలో ఏదో ఒకటి పడలేదు. అదేదో కనిపెట్టాలి."

"కనిపెట్టాలి," అన్నాడు హకీం. "కాశింబీ, మూడు రోజులు పాలు మానిపించొద్దు. బిడ్డ ఎప్పుడడిగితే అప్పుడు తల్లి ఇవ్వాలి. మిగతావి నీ ఇష్టం. నేను దేన్నీ వద్దనను. షరతు ఒక్కటే. ఏది పెట్టాలన్నా ముందు మా జిలానీ తినాలి. వీడి కడుపు కుదురుగా ఉందనిపించాక బిడ్డకు పెట్టు. బిడ్డ పాలు తాగకపోయినా, వాలిపోయినా, ఇక్కడికి రావద్దు. నేరుగా పెద్దాసుపత్రికి పో."

రెండేళ్లలో తన పరిశోధనకు గురువు చేయి కలపడం అదే మొదటిసారి. జిలానీ పొంగిపోయాడు.

"మోతాదు ఎంత ఉస్తాద్?"

"లెక్కలు రాసేవాడివి నువ్వు. నువ్వే చెప్పు."

జిలానీ ఆలోచించాడు. "బిడ్డ ఐదు కిలోలుంటాడు. నేను అరవై. ఏది తిన్నా నేను పన్నెండింతలు తినాలి. అప్పుడే పరీక్ష నిక్కచ్చిగా ఉంటుంది."

"విన్నావు కదా కాశింబీ? పన్నెండింతలు," అన్నాడు హకీం. ముఖంలో నవ్వు లేదు.

ఆ పొద్దే జిలానీ వెళ్లి కాశింబీ ఇంటి అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నాడు. మొదట ఆముదం వచ్చింది. పన్నెండు చెంచాలు. కళ్లు మూసుకుని మింగాడు. తర్వాత తేనె. ఆ తర్వాత తిరుపాలమ్మ వాము నీళ్లు, చెంబు నిండా. కాశింబీ అక్క వసకొమ్ము, సానరాయి చేతబట్టుకుని వచ్చి తనూ పన్నెండింతలు పెడతానని పట్టుబట్టింది. ఆ ఒక్కటి మాత్రం ఎక్కువైతే ప్రమాదం, నాలుక మీద ఒక గీత చాలునని హకీం కబురు పెట్టాడు.

"ఒక గీతకు ఏం మాటలొస్తాయి?" అని ఆమె చిన్నబుచ్చుకుంది.

పెట్టింది పెట్టినట్టు తినే మగవాడు తగలడం కాశింబీకి జీవితంలో అదే తొలిసారి. ఆమె ముచ్చటపడిపోయింది. వీధిలో వాళ్లకూ తెలిసింది. ఇన్నాళ్లూ తలుపులు వేసుకున్నవాళ్లు ఇప్పుడు గిన్నెలు పట్టుకుని వచ్చారు. "మా ఇంట్లో ఇదీ పెడతాం సారూ. తిని రాసుకో."

మధ్యాహ్నానికి ఆముదం పని మొదలుపెట్టింది. జిలానీ చెంబు పట్టుకుని ఇంటి వెనక తుమ్మచెట్ల వైపు నడిచాడు. తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారి నడవలేదు, పరుగెత్తాడు. వచ్చేసరికి అరుగు మీద తిరుపాలమ్మ ఇంకో చెంబుతో కూర్చుని ఉంది.

"అందుకే నాయనా వాము నీళ్లు. తాగు, కట్టుకుంటాది."

తాగాడు.

గంటకొకసారి కాశింబీ తలుపు లోంచి తొంగి చూసేది. "కుదురుకున్నాదా నాయనా?"

"ఇంకా లేదమ్మా."

"అయ్యో! అట్లయితే బిడ్డకు పెట్టేదానికి లేదే," అనుకుంటూ లోపలికి పోయేది. ఉగ్గుగిన్నె గూట్లోనే ఉండిపోయింది. బిడ్డ తల్లి దగ్గర పాలు తాగి పడుకునేవాడు.

సాయంత్రం హకీం వచ్చాడు. "ఏం కనిపెట్టావు?"

"ఏది పడలేదో తెలియడం లేదు ఉస్తాద్. అన్నీ కలిసిపోయాయి."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"ఏ రంగు?"

జిలానీ నేల చూపులు చూశాడు. తలుపు వెనక ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"సిగ్గెందుకు? రాసుకో," అన్నాడు హకీం.

రెండో రోజు జిలానీ తెలివిగా ఆలోచించాడు. రోజుకు ఒక్కటే తింటానన్నాడు. కాని కాశింబీకి జాలేసింది. రాత్రికి రాత్రే బక్కచిక్కిపోయిన మనిషిని చూస్తూ ఊరుకోవడం ఎలా? నీరసం పోవడానికి చక్కెర నీళ్లు తెచ్చింది. ఆకలేస్తుందేమోనని టీలో నానేసిన రొట్టె తెచ్చింది. తిరుపాలమ్మ ఎలాగూ ఉంది. జిలానీ పొట్ట డోలులా బిగుసుకుంది.

ఆ సాయంత్రం గురువు కనిపించగానే ఏడుపొక్కటే తక్కువ. "ఉస్తాద్, వద్దన్నా వినడం లేదు. ప్రేమగా తెచ్చి నోటి దగ్గర పెడుతున్నారు. కాదనలేకపోతున్నాను."

హకీం అతని పొట్ట మీద వేలితో కొట్టి చూశాడు. "నీకు కనీసం వద్దని చెప్పడానికి నోరుంది," అని వెళ్లిపోయాడు.

జిలానీ ఆ మాట రాసుకోబోయాడు. అంతలో మళ్లీ చెంబు తీసుకోవలసి వచ్చింది.

మూడో రోజు బిడ్డకు ఒక్కసారే విరేచనం అయింది. పసుపు రంగులో, ఆవముద్దలా. కడుపు మెత్తబడింది. మధ్యాహ్నం నాయనమ్మ ముఖం చూసి బోసిగా నవ్వాడు కూడా. కాశింబీ వీధంతా తిరిగి ఆ నవ్వు గురించి చెప్పింది. తిరిగొచ్చేసరికి హకీం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జిలానీ పక్కన చాప మీద పడుకుని ఉన్నాడు.

"బిడ్డకు తేలికైంది సామీ! ఇన్నిట్లో ఏ మందు పనిచేసిండాది?"

హకీం శిష్యుడి వైపు చూశాడు.

"అమ్మా," అన్నాడు జిలానీ సన్నని గొంతుతో. "ఏదీ బిడ్డ దాకా పోలేదు. అన్నీ నా దగ్గరే ఆగిపోయాయి."

"అదే నాయనా నేనడిగేది. మరి ఏది పనిచేసింది?"

కాశింబీ జవాబు కోసం ఎదురుచూసే మనిషి కాదు. ఆమెకు అంతకంటే ముఖ్యమైన పని ఉంది. లోపలికెళ్లి పళ్లెం తెచ్చింది. అందులో జొన్నరొట్టె, కోడికూర, పక్కన ఉడికించిన గుడ్డు. ఆ ఇంట్లో కోడిని కోసింది పండగ తర్వాత ఇదే.

"నా మనవడి కోసం నీ పాణం కష్టపెట్టినావు నాయనా. ఇది పరీక్షకు కాదు. కడుపారా తిను."

కూర వాసన జిలానీకి పడలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు తెరిచి ఉన్న తలుపు లోంచి లోపలి గది కనిపించింది. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డను పక్కన వేసుకుని మాబున్ని అన్నం తింటోంది. పళ్లెంలో తెల్లటి మెతుకులు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏం తింటున్నావు చెల్లీ?" అని అడిగాడు.

ఏడు ఊళ్లలో అతను ఏ తల్లినీ ఈ మాట అడగలేదు.

మాబున్ని అత్త వైపు ఒకసారి చూసింది. "ఉప్పు కలిపిన అన్నం అన్నా. బిడ్డకు కడుపు చెడినప్పట్నించి ఒంటిపూట పత్తెం."

జిలానీ గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. కాశింబీ చేతిలోని పళ్లెం అందుకుని, గడప దాటి వెళ్లి, మాబున్ని ముందు పెట్టాడు.

"అయ్యయ్యో, అది నీకు నాయనా!" అని కాశింబీ వెనకాలే పరుగెత్తబోయింది.

హకీం చేయి అడ్డం పెట్టాడు.

"ఉండనీ కాశింబీ. వాడు నీ మనవడికే పెడుతున్నాడు."