జాలరి వెనక కాలు

బెనీతో అనే కుర్ర శిల్పి చెక్కిన సాన్ ఇసిద్రో బొమ్మని చర్చి పెద్దలు రెండోసారి తిప్పి పంపారు. సాన్ ఇసిద్రో అంటే ఫిలిప్పీన్స్ రైతులు కొలిచే, తనూ నాగలి పట్టి దున్నిన పుణ్యపురుషుడు. మే నెల ఊరేగింపుకి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. ఈసారీ కుదరకపోతే పని పొరుగూరి వాళ్లకి పోతుంది.

"ముఖం బాగుంది నాయనా, కానీ మనిషే గుంజ పాతినట్టున్నాడు" అన్నారు పెద్దలు.

బెనీతోకి ఒళ్లు మండిపోయింది. పదేళ్లుగా ఉలి పట్టినవాడాయె! "కుడి ఎడమలు వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాను గురువుగారూ. చూడ్డం రానివాళ్లకి ఏం చెబుతాం?" అన్నాడు.

గురువు సెవెరో మర్నాడు పొద్దున్నే శిష్యుణ్ణి బస్సెక్కించి, మనీలాలో ఉన్న పటాలూ శిల్పాలూ పెట్టిన జాతీయ మ్యూజియానికి తీసుకెళ్లాడు.

గోడంత పటాలున్న గదులన్నీ గబగబా దాటించి, ఓ కొయ్య బొమ్మ ముందు ఆపాడు. వల విసరబోతున్న జాలరి. నడుము మెలితిప్పి, ఒంటి బరువంతా వెనక కాలి మీద మోపి నిలబడ్డాడు.

బెనీతో దాని చుట్టూ ఒక్కసారి తిరిగాడు. ఇట్టే పట్టేశాడు.

"ఎవడు చెక్కాడోగానీ కొలత తప్పాడు గురువుగారూ! వెనక కాలి పిక్క చూడండి, ముందుదానికంటే లావుంది. నేనిలా చేస్తే మీరు ఊరుకుంటారా?"

"అబ్బో, భలే కన్ను!" అన్నాడు సెవెరో. "సరే, వాడెలా నిలబడ్డాడో నువ్వూ అలా నిలబడు."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. బొమ్మలు చూడ్డానికేగా వచ్చారు."

సిగ్గుపడుతూనే నిలబడ్డాడు. బడిపిల్లలు మూగి కిసుక్కున నవ్వారు. కాపలా ఆవిడ వచ్చి, "ఈయనకేమైందండీ?" అంది కంగారుగా.

"ఏం లేదమ్మా. దేన్నీ ముట్టుకోవట్లేదుగా" అన్నాడు సెవెరో తాపీగా.

ఐదు నిమిషాలకి బెనీతో వెనక కాలు వణికింది. పది నిమిషాలకి పిక్క బిగిసి ప్రాణం మీదికొచ్చింది. అయినా పంతం, కదల్లేదు.

అప్పుడు గురువు జేబులోంచి కొలత టేపు తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, శిష్యుడి ప్యాంటు పైకి మడిచి, ముందు కాలి పిక్క చుట్టూ టేపు తిప్పాడు. ఆ తర్వాత వెనక కాలికి తిప్పాడు. అంకెలు పైకి చదవలేదు. రెండుసార్లూ టేపు మీద బొటనవేలు పెట్టి చూపించాడంతే.

బెనీతో చెవులు ఎర్రబడ్డాయి. తన ఇసిద్రో పిక్కలు రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. కుంటుకుంటూ వెళ్లి జాలరి కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. మ్యూజియం మూసేదాకా లేవలేదు.

తిరుగు బస్సులో పిక్క నొక్కుకుంటూ అడిగాడు.

"గురువుగారూ, పొద్దంతా ఎడ్ల వెనక నడిచినవాడికి మొదట ఏ కాలు పీకుతుంది?"

"నన్నడుగుతావేంరా? రేపు తెల్లారగానే వెళ్లి నాగలి పట్టు" అన్నాడు సెవెరో.